పట్నం పోయేవారికి



ఈ నెల సలహాలలోనికి పోకముందు మా వలన జరిగిన తప్పు ఒకటి చెప్పుకోవలసి ఉన్నది. 2017లో ఇదే పేజీలో చెన్నై విమానాశ్రయానికి దారి చెబుతూ, "నెల్లూరులో బస్సు ఎక్కండి, కోయంబేడులో దిగండి, బస్టాండు పక్కనే మెట్రో రైలు ఉన్నది, అందులో ఎయిర్‌పోర్టుకు పోవచ్చు" అని వ్రాశాము. అప్పటికి అది నిజమే. కాని 2018 అక్టోబరులో మాధవరంలో క్రొత్త బస్టాండు తెరిచి ఆంధ్ర వైపు బస్సులను అక్కడికి మార్చారు. ఆ సంగతి మాకు తెలిసింది కూడా. ఏదో ఒక నెల వ్రాద్దాములే అని ఊరుకున్నాము.

ఆ డిసెంబరులో మైపాడు వైపు పల్లె నుండి ఒక తల్లి, కువైటు పోతున్న కూతురిని సాగనంపుటకు పట్నం బయలుదేరింది. కూతురు ఏజెంటుతో ముందురోజే పోయి ఉన్నది. ఈమె మా పేజీని చింపి, మడిచి, బైబిలులో పెట్టుకొని పోయింది. కండక్టరు ఇదే ఆఖరు అంటే దిగింది. మెట్రో ఎక్కడ అని పదిమందిని అడిగింది. అక్కడ మెట్రో లేదు గనుక ఎవరూ చూపలేకపోయారు. చివరికి ఒక ఆటో అతను అడిగినంత ఇచ్చి, ఊరు ఈ కొస నుండి ఆ కొసకు ఆ రద్దీలో ప్రయాణించి చేరేసరికి కూతురు లోపలికి వెళ్ళిపోయింది. టికెట్టు లేనివారిని లోపలికి రానివ్వరు. అద్దం అవతల జనంలో కూతురి వీపు కనబడినట్టే కనబడి మరుగైపోయినదట. ఎండు రొయ్యల పొడి డబ్బా, రెండు జతల లోపలి బట్టలు, ఒక దుప్పటి తిరిగి ఇంటికి తెచ్చుకున్నది.

రెండేండ్ల ఒప్పందం మీద పోయిన పిల్ల, నడుమ కరోనా రావడంతో 2022 వేసవి దాకా తిరిగి రాలేదు. మూడున్నర ఏండ్లు.

"మీరు రాసిందే చూసుకొని పోయినానయ్యా" అని ఆమె మందిరం వాకిట మాతో అన్నది. కోపంగా అనలేదు. అందుచేతనే ఆ మాట మాకు ఇంకా గుర్తున్నది.

కాబట్టి ఈ నెల పట్నం దారి మొదటి నుండి మళ్ళీ వ్రాస్తున్నాము. ఆ 2017 నాటి పేజీ ఎవరి ఇంట్లోనైనా ఉంటే దయచేసి చింపివేయండి. ఈ పేజీ కూడా ఏడాది దాటితే నమ్మవద్దు. బయలుదేరే ముందురోజు ఒకసారి ఫోను చేసి కనుక్కొన్న తరువాతనే పోవలెను.

మన సముద్రతీరంలో ఈనాటికీ "పట్నం" అంటే చెన్నపట్నమే. మన జిల్లావాసియైన పొట్టి శ్రీరాములు గారు ఆంధ్ర రాష్ట్రం కోసం 1952లో ప్రాణం విడిచింది ఆ ఊరిలోనే. మరుసటి సంవత్సరం ఆంధ్ర రాష్ట్రం వచ్చింది గాని మద్రాసు మనకు రాలేదు. 1996లో దాని పేరు చెన్నై అయినది. మన పెద్దలు పట్నం పోవుటకు బకింగ్‌హామ్ కాలువలో పడవలు ఎక్కేవారు. ఉప్పు, సరుగుడు కట్టెలు ఆ పడవల మీదనే పోయేవి. 1899లో బెజవాడ నుండి మద్రాసుకు రైలుదారి పడినాక కాలువ ప్రయాణం తగ్గుతూ వచ్చింది. రైలు సెంట్రల్ చేరబోయేముందు బేసిన్ బ్రిడ్జి దగ్గర కిటికీలోంచి నల్లని నీళ్ళు కనబడితే అది ఆ కాలువేనని పిల్లలకు చూపండి. ముక్కు మూసుకోమని కూడా చెప్పండి.

బేసిన్ బ్రిడ్జి మాట వచ్చింది గనుక ఒక హెచ్చరిక. ప్లాట్‌ఫారం ఖాళీ లేక రైలు అక్కడ ఆగిపోవడం మామూలే. పక్కవాళ్ళు దిగుతున్నారని మీరు పట్టాల మీదికి దిగవద్దు. ముసలివారితో, మూటలతో ఉన్నవారు అసలే దిగవద్దు. సెంట్రల్ వచ్చేవరకు కూర్చోండి.

నెల్లూరు నుండి సెంట్రల్‌కు రైలుదారి సుమారు 175 కిలోమీటర్లు. ఉదయం విజయవాడలో బయలుదేరే పినాకిని మధ్యాహ్నానికి చేరుతుంది. 2023 సెప్టెంబరు నుండి వందే భారత్ కూడా నెల్లూరులో ఆగుతున్నది, చార్జీ మాత్రం ఎక్కువ. టికెట్టు కొనేటప్పుడు ఒక్క సంగతి అడగండి: "ఈ బండి ఏ స్టేషనుకు పోతుంది?" పట్నం పోయే బండ్లన్నీ సెంట్రల్‌కు పోవు. ఒకప్పుడు సెంట్రల్‌కు వచ్చిన చార్మినార్ ఎక్స్‌ప్రెస్ ఇప్పుడు ఎగ్మూరు మీదుగా తాంబరం పోతున్నది. మిమ్మల్ని తీసుకుపోవుటకు వచ్చినవారు సెంట్రల్‌లోను, మీరు ఎగ్మూరులోను నిలబడి ఒకరి కోసం ఒకరు కంగారుపడటం మేము చూశాము. ఎగ్మూరులో దిగినా భయం లేదు. అక్కడి నుండి మెట్రోలో తరువాతి స్టేషనే సెంట్రల్. ఇంకొక సంగతి, సెంట్రల్ స్టేషనుకు 2019 నుండి ఎం.జి.రామచంద్రన్ గారి పేరు పెట్టారు. టికెట్టు మీద ఆ పొడుగు పేరు చూసి వేరే ఊరనుకోవద్దు.

బస్సులో పోయేవారికి: మన వైపు నుండి పోయే బస్సులు ఎక్కువగా మాధవరంలోనే ఆగుతవి. అక్కడ రెండవ దశ మెట్రో పని జరుగుతున్నది. అది పూర్తయి బండ్లు నడిచేవరకు మాధవరం నుండి సిటీ బస్సో, ఆటోయే దిక్కు. విమానాశ్రయానికి పోవలసినవారు బస్సు మాని రైలుకే పోవడం మంచిదని మా అభిప్రాయం. సెంట్రల్ స్టేషను కిందనే మెట్రో ఉన్నది. ఆ తల్లికి మేము ఈ మాట చెప్పి ఉండవలసినది.

సెంట్రల్ కింద మెట్రోలో రెండు దారులు, ఒకటి నీలం, ఒకటి ఆకుపచ్చ. చదువు రానివారు రంగు గుర్తుపెట్టుకుంటే చాలును. విమానాశ్రయానికి నీలం రంగు దారి. పొరపాటున ఆకుపచ్చ ఎక్కితే ఆలందూరులో దిగి నీలానికి మారవచ్చును. ముప్పావుగంటలోపే చేరుతారు, చార్జీ యాభై రూపాయలు దాటదు. అదే ఆటోలో పోతే ఎంత అడుగుతారో పోయినవారికే ఎరుక. మెట్రో రాత్రి పదకొండు ప్రాంతంలో ఆగిపోయి తెల్లవారుజామున మళ్ళీ మొదలవుతుంది. ఇంకా చౌకగా పోవాలంటే సెంట్రల్ ఎదుట రోడ్డు దాటి పార్క్ స్టేషనులో తాంబరం పోయే లోకల్ బండి ఎక్కి తిరుసూలంలో దిగవలెను. విమానాశ్రయం దాని ఎదుటనే ఉన్నది. అయితే మెట్లు ఎక్కి దిగాలి, పెద్ద పెట్టెలున్నవారికి కష్టం.

గల్ఫ్ దేశాలకు పోయే విమానాలు చాలావరకు రాత్రిపూట, తెల్లవారుజామున ఉంటవి. విమానం బయలుదేరుటకు మూడు గంటలు ముందుగా విమానాశ్రయంలో ఉండాలి. మన వాళ్ళు ఇక్కడ లెక్క తప్పుతారు. తేదీ పదిహేను, సమయం రాత్రి 1.30 అని ఉంటే పద్నాలుగవ తేదీ రాత్రి పదిన్నరకే అక్కడ ఉండవలెను. పదిహేనవ తేదీ సాయంత్రం తీరికగా బయలుదేరి పోయినవారున్నారు. సాగనంపేవారు లోపలికి పోలేరు గనుక మీ ప్రార్థన, మీ ఏడుపు, మీ అన్నం అన్నీ బయటనే, అంతకు ఇంకొక గంట ముందే కావాలి. అంటే పైన చెప్పిన పిల్లకు తొమ్మిదిన్నరకే తల్లి ఎదురుపడి ఉండాలి. లోపలికి పోయినాక ఫోనులో తప్ప మాట్లాడుటకు వీలు లేదు.

మూటల సంగతి. తల్లులు ప్రేమతో కట్టిచ్చేవే అక్కడ చిక్కు తెస్తవి. చేతి సంచిలో పచ్చడి, నెయ్యి, నూనె పెడితే తీసి పక్కన పడవేస్తారు. కౌంటరులో అప్పగించే పెద్ద పెట్టెలో, నూనె కారకుండా రెండు మూడు కవర్లలో కట్టి పెట్టండి. ఎండు చేపలు కూడా అంతే, వాసన పక్కవారి పెట్టెకు పట్టకుండా చూడండి. ఎండు కొబ్బరి చిప్పలు అసలు పెట్టవద్దు. దానిలోని నూనె వేడికి అంటుకుంటుందని విమానాలలో ఒప్పుకోరు. సెల్‌ఫోనుకు చార్జింగు ఇచ్చే పవర్‌బ్యాంకు మాత్రం దీనికి తిరకాసు, అది పెద్ద పెట్టెలో ఉండకూడదు, చేతి సంచిలోనే ఉండాలి.

అన్నిటికంటె ముఖ్యం గసగసాలు. మనకు అవి కోడికూర మసాలా. దుబాయి మొదలైన ఎమిరేట్స్ వారికి, సౌదీ వారికి, సింగపూరు వారికి అవి మత్తుపదార్థం కిందనే లెక్క. ఆ దేశాలకు పోతూ గసగసాలు వెంట తీసుకుపోయినవారిని జైలులో పెట్టవచ్చును. తెలియక తెచ్చినామంటే వినరు. మసాలా పొడి కొట్టి పంపే అమ్మలు, అవ్వలు దయచేసి గసగసాలు వేయవద్దు. పోయేవారు ఇతరులు ఇచ్చిన పొట్లాలు విప్పి చూడకుండా పెట్టెలో పెట్టుకోవద్దు. "మా వాడికి ఇవ్వండి" అని ఇచ్చింది సొంత మేనత్త అయినా సరే విప్పండి. నిద్రమాత్రలు, నొప్పి మాత్రలు, దగ్గు మందు వంటివి ఉంటే డాక్టరు చీటీ కూడా ఉండాలి.

ఇక పేరు. మన సంఘాలలో ఇది ప్రత్యేకమైన చిక్కు. బాప్తిస్మంలో ఒక పేరు, బడిలో ఒక పేరు, రేషను కార్డులో మరొకటి, ఆధారులో ఇంటిపేరు వెనుకకు పోయి ఇంకొకటి. సంఘంలో మరియమ్మ అని పిలిచే ఆమె కాగితాల్లో వెంకమ్మ. దేవుని యెదుట దానివలన ఏ బాధా లేదు గాని విమాన కౌంటరు దగ్గర ఉన్నది. పాసుపోర్టులో ఏ అక్షరాలతో పేరున్నదో టికెట్టు మీద, వీసా మీద అవే అక్షరాలు ఉండాలి. టికెట్టు చేతికి వచ్చిన రోజే చదువుకున్న పిల్లలచేత రెండూ పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం చూపించుకోండి. అప్పుడైతే దిద్దుకొనుటకు సమయం ఉంటుంది.

పనికి పోయేవారికి ఇంకొక కాగితం. పదవ తరగతి పాసు కానివారి పాసుపోర్టును ఇ.సి.ఆర్. పాసుపోర్టు అంటారు. ఆ పాసుపోర్టుతో కువైటు, సౌదీ, ఖతారు వంటి 18 దేశాలకు పనికి పోవాలంటే భారత ప్రభుత్వపు ఇమిగ్రేషను అనుమతి ఉండాలి. ఇంటిపనికి పోయే స్త్రీకైతే ముప్పై ఏండ్లు నిండి ఉండాలి. ప్రవాసీ భారతీయ బీమా అని ఒకటి ఉన్నది, రెండేండ్లకు 275 రూపాయలు, మూడేండ్లకు 375 రూపాయలు. ప్రమాదంలో మరణించినా, శాశ్వత వైకల్యం కలిగినా పది లక్షలు వస్తవి. రిజిస్టరైన ఏజెంటు తన ఫీజు కింద 30,000 రూపాయలు, దానిమీద పన్ను మాత్రమే తీసుకోవలెను, రసీదు ఇవ్వవలెను. లక్షన్నర, రెండు లక్షలు అడిగి, "విజిట్ వీసా మీద పోండి, అక్కడ మార్చుకోవచ్చు" అనేవాని మాట వినవద్దు. ఆ దారిన పోయిన వారికి అక్కడ జీతం ఎగ్గొట్టినా, కొట్టినా చెప్పుకొనుటకు కాగితం ఉండదు. ఏజెంటుకు లైసెన్సు ఉన్నదో లేదో, మోసపోతే ఏమి చేయాలో అడుగుటకు ప్రభుత్వపు ప్రవాసీ సహాయ కేంద్రం ఉచిత నంబరు 1800 11 3090. ఈ నంబరు ఇంట్లో గోడ మీద బొగ్గుతోనైనా వ్రాసి పెట్టుకోండి.

అమెరికా వీసాకు పోయే తలిదండ్రులకు రెండే మాటలు. జెమిని సర్కిలు దగ్గర ఉన్న కాన్సులేటులోనికి సెల్‌ఫోను, సంచి తీసుకుపోనివ్వరు. తోడు ఒకరిని తీసుకుపోయి వారి చేతికి ఇవ్వండి. అడిగినదానికి ఉన్నది ఉన్నట్టు చెప్పండి.

పట్నం ఎక్కువమంది పోయేది విమానానికి కాదు, వైద్యానికి. ప్రభుత్వ పెద్దాసుపత్రి సెంట్రల్ స్టేషనుకు ఎదుటనే ఉన్నది, ఆటో అవసరమే లేదు. ఇంగ్లీషువారు 1664లో కోటలో పెట్టిన చిన్న ఆసుపత్రి అది, 2011 నుండి రాజీవ్ గాంధీ గారి పేరుతో పిలుస్తున్నారు. చిన్నపిల్లల ఆసుపత్రి, 1819 నుండి ఉన్న ప్రభుత్వ కంటి ఆసుపత్రి ఎగ్మూరులో ఉన్నవి. క్యాన్సరుకు అడయారులో ముత్తులక్ష్మీరెడ్డి గారు 1954లో స్థాపించిన సంస్థ ఉన్నది. వేలూరు సి.ఎం.సి.కి పోయేవారు పట్నం వరకు పోనక్కరలేదు. రేణిగుంట, తిరుపతి మీదుగా కాట్పాడి పోయే బండ్లున్నవి, కాట్పాడిలో దిగితే వేలూరు పక్కనే.

స్టేషనులో దిగగానే తెలుగులో పలకరించి, "ఏ ఆసుపత్రికి అమ్మా? ఆ డాక్టరు ఇప్పుడు లేడు, ఇంకా మంచి చోటు నేను చూపిస్తాను" అనేవాడు ఎదురైతే నిలబడవద్దు. కొన్నేండ్ల క్రితం మా పెదనాన్నగారిని కంటి ఆపరేషనుకు తీసుకుపోయినప్పుడు మేమే అట్లాంటివాని వెంట పోయినాము. మన భాష విని కరిగిపోయినాము. మధ్యాహ్నం దాకా ఒక గదిలో కూర్చోబెట్టి, అక్కరలేని పరీక్షలు చేయించి, నాలుగు వేలు వదిలించారు. పెదనాన్నగారు బయటికి వచ్చి, "కన్ను బాగలేనిది నాకా, మీకా?" అన్నారు.

ఆరోగ్యశ్రీ, ఇప్పటి పేరు ఎన్.టి.ఆర్. వైద్యసేవ, పట్నంలో ఫలాని ఆసుపత్రిలో మీ జబ్బుకు వర్తిస్తుందో లేదో ఇక్కడ నెల్లూరు ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను గాని, 104కు ఫోను చేసి గాని బయలుదేరకముందే అడగండి. అక్కడికి పోయి కార్డు చూపి లాభం లేదు. పాత చీటీలు, ఎక్సరేలు, మందుల డబ్బాలు అన్నీ ఒకే సంచిలో పెట్టుకోండి. ఆ సంచి లగేజీలో కలపవద్దు.

రాత్రి ఉండవలసివస్తే గుర్తింపు కార్డు లేనిదే లాడ్జిలో గది ఇవ్వరు. రైలు టికెట్టు ఉన్నవారు స్టేషనులోనే విశ్రాంతి గది ముందుగా తీసుకోవచ్చును. పూనమల్లి హైరోడ్డులో వై.డబ్ల్యు.సి.ఏ. వారి అతిథిగృహం ఉన్నది, ముందుగా అడిగి పెట్టుకోవలెను. వేపేరి, పెరంబూరు, వ్యాసర్పాడి వైపు మన తెలుగు సంఘాలున్నవి. మన జిల్లాల నుండి పనికి పోయి తరతరాలుగా స్థిరపడినవారు అక్కడ చాలామంది. 1840లో డే దొరగారు నెల్లూరుకు వచ్చింది కూడా మద్రాసు నుండే గనుక ఈ రాకపోకలు క్రొత్తవి కావు. మీ అయ్యగారిని అడిగి అక్కడి సంఘ కాపరి పేరు, ఫోను నంబరు వ్రాయించుకొని పోండి. ఊరకే పోయి వారి ఇంట దిగడం కాదు, కష్టం వస్తే పిలుచుటకు.

భాషకు జంకవద్దు. "ఎంగే" అంటే ఎక్కడ, "ఎవ్వళవు" అంటే ఎంత, "వేండాం" అంటే వద్దు. ఈ మూడు చాలు, అందులోను మూడవది ఎక్కువ పనికి వస్తుంది. పోవలసిన చోటు పేరు తమిళంలో ఒక కాగితం మీద తెలిసినవారిచేత వ్రాయించుకొని జేబులో పెట్టుకోండి. ముసలివారి జేబులోను, పిల్లల జేబులోను మీ ఫోను నంబరు ఉన్న చీటీ వేరుగా పెట్టండి. ఎవరైనా తప్పిపోతే అటూఇటూ పరుగెత్తక, ముందే అనుకున్న ఒక చోట నిలబడవలెను. సెంట్రల్‌లోనైతే రైల్వే పోలీసుల దగ్గరికి పోండి, రైలులోనైతే 139కి ఫోను చేయండి. 112, 108 నంబర్లు అక్కడ కూడా పనిచేస్తవి.

2022 వేసవిలో ఆ పిల్ల తిరిగి వచ్చే రోజున తల్లి మమ్మల్ని దారి అడగలేదు. ముందురోజు సంఘంలోని ఇంటరు చదివే అబ్బాయిచేత బండి ఏ స్టేషనుకు పోతుందో, విమానం ఎన్ని గంటలకు దిగుతుందో ఫోనులో చూపించుకున్నది. మేము తోడు వస్తామంటే సరేనన్నది. సెంట్రల్‌లో దిగి మెట్లు దిగగానే మేము ఎటు పోవాలా అని బోర్డులు చదువుతూ నిలబడినాము. ఆమె అప్పటికే నీలం గీత వెంట నడిచిపోతూ, వెనుకకు తిరిగి "ఇటయ్యా" అని చెయ్యి ఊపింది. చంకలో రొయ్యల పొడి డబ్బా ఉన్నది.